విలన్ ఎవరో తెలిసిపోతే తెలిసిపోనివ్వండి: పరువు పోయిన పెద్దింటి ప్రేమకథలో సస్పెన్స్ ఎక్కడుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. మీరు రాస్తున్న సీరియల్‌లో జూబ్లీహిల్స్ పెద్ద కుటుంబం ఒకటి, వాళ్ళకో ఇన్‌ఫ్రా కంపెనీ. బ్యాంకు అప్పుల్లో మోసం బయటపడి తండ్రి అరెస్టవుతాడు. బ్యాంకు తరఫున లెక్కలు తవ్వడానికి వచ్చిన ఆడిటర్‌కీ ఆ ఇంటి కూతురికీ ప్రేమ. పది భాగాలు రాశారు, నాలుగో భాగానికే చదివేవాళ్ళంతా "ఇదంతా బాబాయి పనే కదా" అనేశారు. ఇప్పుడు బాబాయిని తీసి మేనత్తను పెట్టాలా, లేక కథలోకి ఇంకో కొత్త మనిషిని దించాలా అని అడుగుతున్నారు.

ఎవర్నీ మార్చకండి. బాబాయిని అలాగే ఉంచి, వీలైతే మూడో భాగంలోనే ఆయన చేత ఒప్పించేయండి. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్ళుగా బ్యాంకు రికవరీ కేసులు, ఆర్థిక నేరాల కేసులు చూస్తున్న అడ్వకేట్‌ని. వారపత్రికల సీరియల్స్ చదువుతూ పెరిగినవాణ్ణి కాబట్టి మీ బాధ రెండు వైపుల నుంచీ అర్థమైంది. ఇలాంటి కుటుంబాలు కూలినప్పుడు డబ్బు ఎవరు తిన్నారనేది చాలాసార్లు త్వరగానే తేలిపోతుంది. ఏళ్ళ తరబడి తెమలని ప్రశ్న ఇంకొకటుంది: ఇంట్లో ఎవరెవరికి తెలుసు, ఎప్పటి నుంచి తెలుసు? మీ హీరోయిన్‌కి తెలుసా, తెలియదా? సస్పెన్స్ అంతా దాని మీద పెట్టండి. ప్రేమకు అడ్డం కూడా అదే. ఇప్పుడు మీ కథలో ప్రేమ ఒక దారిలో, మిస్టరీ ఇంకో దారిలో పోతున్నాయి, అందుకే ప్రేమ సీన్లు వచ్చినప్పుడు సస్పెన్స్ పడుకుంటోంది.

సత్యం కంప్యూటర్స్ కేసు చూడండి, మన ఊళ్ళో జరిగిందే. 2008 డిసెంబర్ 16న ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం కొంటుందని ప్రకటించారు, ఇన్వెస్టర్లు గొడవ చేసేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గారు. మూడు వారాలకు, 2009 జనవరి 7న, రామలింగరాజు తనే బోర్డుకు ఉత్తరం రాసి లెక్కల్లో ఉన్న నగదులో 5,040 కోట్లు అసలు లేవని చెప్పేశారు. పులి మీద స్వారీ చేస్తున్నట్టుంది, దిగితే అది తినేస్తుంది, ఎలా దిగాలో తెలియలేదు అన్న మాట ఆ ఉత్తరంలోదే. అంటే ఒప్పుకోలు మొదటి రోజే వచ్చేసింది. అయినా ఆ తర్వాత నెలల పాటు మన దగ్గర ఏ ఆఫీసులో చూసినా, ఏ టీకొట్టు దగ్గర చూసినా అదే మాట. దోషి పేరు తెలిసిపోతే ఆసక్తి పోతుందనే భయం మీకు అక్కర్లేదు.

ఇంటి లోపలి సంగతికి అంతకంటే మంచి ఉదాహరణ న్యూయార్క్‌లో మేడాఫ్ కుటుంబం. ఇన్వెస్టర్లను ఏళ్ళ తరబడి మోసం చేసిన బెర్నార్డ్ మేడాఫ్ 2008 డిసెంబర్‌లో భార్యకూ ఇద్దరు కొడుకులకూ తన వ్యాపారమంతా ఒట్టి అబద్ధమని చెప్పాడు. కొడుకులిద్దరూ లాయర్ని కలిసి అదే రోజు అధికారులకు తెలియజేశారు, మర్నాడు 11వ తేదీన తండ్రి అరెస్టయ్యాడు. ఇక్కడి దాకా అందరికీ తెలిసిన కథే. మీకు పనికొచ్చే ముక్క దీని తర్వాత ఉంది. బెయిల్ మీద ఇంట్లో ఉండగా క్రిస్మస్ ముందు రోజున ఆ భార్యాభర్తలు వాచీలు, నగలు ప్యాకెట్లు కట్టి బంధువులకూ పిల్లలకూ పోస్టులో పంపారు. అవి కొడుకులకు అందాయి. వాళ్ళు వెంటనే తమ లాయర్ల ద్వారా ప్రాసిక్యూటర్లకు చెప్పేశారు, దాంతో ప్రభుత్వం ఆయన బెయిలే రద్దు చేయమని కోర్టుకెళ్ళింది. ఆ ప్యాకెట్ విప్పిన మనిషి పరిస్థితి ఒక్కసారి ఊహించుకోండి. అమ్మ పంపింది. ప్రేమతో పంపిందా, సాక్ష్యం మాయం చేయడానికి పంపిందా? ఉంచుకుంటే తను కూడా నేరంలో భాగం, చెప్తే అమ్మానాన్నల మీద రెండోసారి ఫిర్యాదు చేసినట్టు. ఆ కొడుకుల మీద క్రిమినల్ కేసు ఎప్పుడూ పెట్టలేదు, అయినా "మీకు తెలియకుండా ఎలా ఉంటుంది" అనే మాట వాళ్ళను వదల్లేదు. తండ్రి అరెస్టయి సరిగ్గా రెండేళ్ళు నిండిన రోజున పెద్దకొడుకు ఆత్మహత్య చేసుకున్నాడు. మీ పది భాగాల్లో కారు ఛేజ్ ఉంది, ఫామ్‌హౌస్‌లో తుపాకీ ఉంది, ఇలాంటి ప్యాకెట్ మాత్రం ఒక్కటీ లేదు.

మన దగ్గర ఆ ప్యాకెట్ స్థానంలో ఉండేది సంతకం. మీ హీరోయిన్‌ను పర్సనల్ గ్యారంటర్‌ని చేయండి, అంటే కంపెనీ అప్పు కట్టకపోతే తను కడతానని బ్యాంకుకు రాసిచ్చిన మనిషి. కంపెనీ పెట్టి నడిపే ప్రమోటర్ల కుటుంబాల్లో ఇది మామూలు విషయం, కూతురికి ఇరవై ఒకటి రాగానే ఏదో ఒక గ్రూపు కంపెనీలో డైరెక్టర్‌ని చేస్తారు, అప్పు రెన్యూవల్‌కు వచ్చినప్పుడు ఆమె చేత కూడా గ్యారంటీ మీద సంతకం పెట్టిస్తారు. ఆ సంతకం ఎలా జరుగుతుందో చూశారా? బ్యాంకు నుంచి ఫైలు ఇంటికే వస్తుంది, ఎక్కడెక్కడ సంతకం కావాలో అక్కడ పెన్సిల్‌తో చిన్న ఇంటూ మార్కు పెట్టి ఉంటుంది. కంపెనీ అకౌంటెంట్ పక్కన నిలబడి పేజీలు తిప్పుతూ ఉంటాడు, ఆ అమ్మాయి భోజనాల బల్ల దగ్గర ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ ఇంకో చేత్తో గీకేస్తుంది. చదవదు. ఎవరూ చదవరు. సగం కాగితాల్లో అమౌంట్ గడి ఖాళీగా కూడా ఉండొచ్చు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే ఏమీ రాసుకోకపోతే, గ్యారంటర్ బాధ్యత అసలు అప్పుదారుడి బాధ్యతతో సమానం. అంటే ముందు నాన్న ఆస్తి అమ్మి, అది చాలకపోతేనే ఆమె దగ్గరికి రావాలనే నియమం లేదు. చదవకుండా పెట్టాను అంటే కోర్టు అయ్యో పాపం అనదు.

ఇప్పుడు హీరో ఫైలు తిప్పుతుంటే ఆ సంతకం కనపడుతుంది. ఆమె తనకు కంపెనీ సంగతులేమీ తెలియవని అప్పటికే చెప్పి ఉంది. కాగితం మీద తేదీ ఉంది, ఆ తేదీన ఆమె అమెరికాలో చదువుకుంటోంది. మరి ఎవరు పెట్టారు? ఫోర్జరీ అయితే ఆమె బయటపడుతుంది, కానీ ఇంట్లో ఇంకొకరు లోపలికి పోతారు, బహుశా వాళ్ళ అమ్మ. ముందే ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి విమానం ఎక్కి ఉంటే ఆమె చెప్పిన మాట సగం అబద్ధం. ఈ ఒక్క కాగితం మీదే నాలుగు భాగాలు నడిపించవచ్చు. దీనికి తోడు స్టాంపు పేపరు వెనక్కి తిప్పమనండి హీరోని. స్టాంపు వెండర్ పేరు, లైసెన్స్ నంబరు, అమ్మిన తేదీ, ఎవరి పేరున కొన్నారో అన్నీ అక్కడ ఉంటాయి. ముందు వైపు ఒప్పందం తేదీ మార్చి అని ఉండి, వెనక వైపు అమ్మిన తేదీ ఆగస్టు అని ఉంటే ఆ కాగితాన్ని వెనక తేదీ వేసి పుట్టించారని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. నిజం కేసుల్లోనూ తేదీల దగ్గర ఇలాగే దొరికిపోతుంటారు. మీరు ఆరో భాగంలో రాసిన పాస్‌వర్డ్ హ్యాకింగ్ కంటే ఇది నమ్మబుద్ధి అవుతుంది.

ఇంటి స్వాధీనం మీరు ఒక్క పేరాలో లాగించేశారు, "మర్నాడు బ్యాంకువాళ్ళు వచ్చి ఇంటికి తాళం వేశారు" అని. అలా జరగదు. జరగకపోవడమే మీకు మంచిది, ఎందుకంటే గడువులన్నీ చట్టమే ఇస్తోంది మీకు. 2002 సర్ఫేసీ చట్టం (బ్యాంకులు కోర్టులో దావా వేయకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే చట్టం) కింద ముందు 13(2) సెక్షన్ నోటీసు వస్తుంది, 60 రోజుల్లో మొత్తం కట్టమని. వాళ్ళు అభ్యంతరం రాస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. అరవై రోజులు దాటాక 13(4) కింద మొదట కాగితం మీద స్వాధీనం తీసుకుంటారు, అంటే మనుషులు ఇంట్లోనే ఉంటారు, నోటీసు మాత్రం గేటుకో తలుపుకో అంటిస్తారు. వారం లోపల రెండు పేపర్లలో ప్రకటన వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషది. మన దగ్గరైతే తెలుగు పేపర్లో, పూర్తి పేర్లతో, తండ్రి పేరు, ఇంటి నంబరు, సరిహద్దులతో సహా. గ్యారంటర్ల పేర్లు కూడా అందులోనే ఉంటాయి. నా అనుభవంలో పెద్ద కుటుంబాలకు అరెస్టు కంటే ఈ ప్రకటనే ఎక్కువ అవమానం. అరెస్టును రాజకీయ కక్ష అని చెప్పుకోవచ్చు, నాన్న ఆస్పత్రిలో చేరొచ్చు, టీవీ రెండు రోజులు చూపించి వదిలేస్తుంది. తెలుగు పేపర్లో తూర్పు, పడమర హద్దులతో ఇల్లు అచ్చయితే మాత్రం పాలవాడి నుంచి వియ్యంకుడి దాకా అందరూ కత్తిరించి దాచుకుంటారు. మీ హీరోయిన్‌కు ముందు కుదిరిన సంబంధం తప్పిపోవాలి కదా, దానికి అత్తగారి డైలాగులు ఏమీ అక్కర్లేదు, ఆ ప్రకటన కటింగ్‌ను వాట్సాప్‌లో ఒక్క మాట కూడా రాయకుండా పంపించమనండి.

వాళ్ళంతట వాళ్ళు ఇల్లు అప్పగించకపోతే అసలు స్వాధీనానికి మళ్ళీ మేజిస్ట్రేట్ ఆర్డరు కావాలి. కోర్టు పంపిన లాయరు, అంటే అడ్వకేట్ కమిషనర్ వస్తాడు, పోలీసులు వస్తారు, బ్యాంకు మనుషులు తాళాలు, సీలు వేసే సామాను పట్టుకొస్తారు. నేను కమిషనర్‌గా వెళ్ళాను కాబట్టి చెప్తున్నాను, ఆ రోజు అరుపులు, ఏడుపులు మీరు అనుకున్నంత ఉండవు. జాబితా రాయడంతోనే పొద్దుపోతుంది. ఉయ్యాల బల్ల ఒకటి, సీలింగ్ ఫ్యాన్లు తొమ్మిది, ఇత్తడి కుందులు రెండు, ఫ్రిజ్ పనిచేస్తున్నది ఒకటి, అలా గుమస్తా పైకి చదువుతూ రాస్తుంటాడు. ఇంటివాళ్ళు కోరేది దేవుడి పటాలు, మందులు, పిల్లల పుస్తకాలు. ఒక ఇంట్లో పెద్దావిడ ఆవకాయ జాడీలు ఇవ్వమని అడిగింది, కొత్త సంవత్సరపు పచ్చడి అంట, అది జాబితాలో ఏమని రాయాలో తెలియక గుమస్తా నా వైపు చూశాడు. అలాంటి చోట మీ హీరో చేతిలో ఆ జాబితా ప్యాడ్ ఉంటే, ఎదురుగా ఆమె నిలబడి తన గదిలో వస్తువులు తనే ఒక్కొక్కటి చెప్తూ రాయిస్తే, ఆ సీన్‌లో ప్రేమ గురించి మీరు ఒక్క ముక్క రాయనక్కర్లేదు.

బంగారం దగ్గర ఒక పొరపాటు సరిచేయండి. మీరు రాసిన ఐటీ రైడ్‌లో అమ్మ మెడలోని నగలు కూడా లాక్కున్నారు. 1994 నాటి ప్రత్యక్ష పన్నుల బోర్డు ఉత్తర్వు ప్రకారం సోదాల్లో పెళ్ళయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్ళికాని అమ్మాయికి 250, మగవాళ్ళకు 100 గ్రాముల దాకా నగలు స్వాధీనం చేసుకోరు. ఇది ఐటీ సోదాలకు మాత్రమే, సీబీఐకీ ఈడీకీ దీన్ని అంటగట్టకండి. పైగా పెళ్ళైన ఆడవాళ్ళ స్త్రీధనం మీద హక్కు వాళ్ళదే, భర్తది కాదు. అందుకే అలాంటి ఇళ్ళలో ఏది ఎవరి నగ అనే మాట హఠాత్తుగా ముఖ్యమైపోతుంది, ఉన్నట్టుండి అత్తగారి వడ్డాణం కోడలి పుట్టింటిది అయిపోతుంది. దీంట్లో మంచి కామెడీ కూడా ఉంది, కావాలంటే వాడుకోండి, మీ కథలో నవ్వు చాలా తక్కువగా ఉంది.

హీరో ఉద్యోగం సంగతి. ఇది మీ కథలో అన్నిటికంటే పెద్ద బొక్క. బ్యాంకు నియమించిన ఆడిటర్ గ్యారంటర్‌తో ప్రేమలో పడ్డాడు, అయినా ఎనిమిది భాగాలుగా అదే ఫైలు చూస్తున్నాడు, ఆఫీసులో ఎవరూ అడగరు. నిజంగా అయితే సంబంధం ఉందని చెప్పి తప్పుకోవాలి. చెప్పకపోతే రేపు అవతలి లాయరు ఆ ఒక్క ముక్క పట్టుకుని రిపోర్టు మొత్తాన్ని చింపి పోగులు పెడతాడు. దీన్ని దాచకుండా ముందుకు తెండి. తప్పుకుంటే ఆ ఫైలు ఇంకొకరి చేతికి పోతుంది, వాళ్ళు ఆమె సంతకాన్ని వేరే దృష్టితో చూస్తారు. తప్పుకోకపోతే ఆమె నిర్దోషి అని తను రాసిన ప్రతి వాక్యమూ చెల్లకుండా పోతుంది. ఏం చేసినా ఆమెకే నష్టం. అతను ఏం చేస్తాడో నేను చెప్పను, కానీ వెంటనే చేయకూడదు, ఒక మూడు వారాలు నాన్చాలి. ఆ మూడు వారాలే తర్వాత అతని కొంప ముంచాలి.

పెళ్ళి గురించి కూడా ఆలోచించండి, ఎందుకంటే చట్టంలో మీలాంటి రచయితల కోసమే పెట్టారా అనిపించే నియమం ఒకటుంది. పాత సాక్ష్య చట్టం 122వ సెక్షన్, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అదే ఉంది. పెళ్ళి జరిగాక భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పుకున్న మాటలను, చెప్పినవాళ్ళు ఒప్పుకుంటే తప్ప, కోర్టులో బయటపెట్టడానికి వీల్లేదు. వాళ్ళిద్దరి మధ్యే కేసైనా, ఒకరి మీద ఒకరు నేరం చేసినా మినహాయింపు ఉంది. పెళ్ళికి ముందు చెప్పినదానికి ఆ రక్షణ లేదు. విడాకులైనా, పెళ్ళిలో ఉండగా చెప్పిన మాటకు రక్షణ పోదు. ఇంకో మెలిక కూడా ఉంది: 1954లో రామ్ భరోసే కేసులో సుప్రీంకోర్టు, భర్త ఏం చెప్పాడో భార్య చెప్పకూడదు కానీ అతను ఏం చేస్తుండగా చూసిందో చెప్పవచ్చు అంది. ఇది మీ కథలో ముందుగా తల్లికి వర్తిస్తుంది. భర్త చెప్పింది ఆమె కడుపులో పెట్టుకోవచ్చు, కానీ ఒక రాత్రి ఆయన ఫైళ్ళు కారు డిక్కీలో పెట్టడం చూసిందా లేదా అని అడిగితే జవాబు చెప్పక తప్పదు. తర్వాత ప్రేమికులకు. హీరో తొందరపడి పెళ్ళి చేసుకుందాం అంటే పాఠకుడికి వెంటనే అనుమానం రావాలి, ఇది ప్రేమేనా, లేక ఆమె నోరు మూయించడమా? లేదా తన నోరే మూసుకునే మార్గమా? ఆమె కూడా అదే అడగాలి. అతను "ఛ, అదేం లేదు" అనేస్తే మాత్రం సీను పాడైపోతుంది.

డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు మీ కథలో ఒక్కరూ లేరు. బ్యాంకు తప్ప ఎవరికీ నష్టం లేనట్టుంది. మన రాష్ట్రాల్లో అగ్రిగోల్డ్ డిపాజిటర్లే లక్షల్లో ఉన్నారు, కూతురి పెళ్ళికని దాచుకున్నవాళ్ళు, కూలి డబ్బులు కట్టినవాళ్ళు. మీ కంపెనీకి సబ్‌కాంట్రాక్ట్ చేసి బిల్లులు రాని మేస్త్రీ ఒకడుంటాడు కదా, వాణ్ణి గేటు దగ్గరికి తీసుకురండి. అతను తిట్టకూడదు. పాత బిల్లు చూపించి, పెద్దాయన లేడుగానీ అమ్మగారున్నారా అని మర్యాదగా అడగాలి. ఆ మనిషి ముందు హీరోయిన్ ఏం మాట్లాడుతుందో దాన్ని బట్టే ఆమె మీద పాఠకుడి అభిప్రాయం ఏర్పడుతుంది, హీరో అభిప్రాయం కూడా.

తీర్పుతో ముగించాలనుకుంటే కాలం లెక్క చూసుకోండి. సత్యం కేసులో 2009 జనవరిలో బయటపడితే హైదరాబాద్ ప్రత్యేక కోర్టు తీర్పు 2015 ఏప్రిల్‌లో వచ్చింది, ఏడేళ్ళ శిక్ష, నెల తిరిగేసరికి అప్పీలులో బెయిలు. అది కూడా త్వరగా అయిందనే మా వాళ్ళు అనుకున్నారు. మీ చివరి భాగంలో జడ్జిగారు సుత్తి కొట్టి "జైలు" అనడం, మర్నాడు పెళ్ళి, రెండూ తీసేయండి (మన కోర్టుల్లో జడ్జి సుత్తి కొట్టడం సినిమాల్లోనే). దాని బదులు క్రాస్ ఎగ్జామినేషన్ పెట్టండి. హీరో సాక్షి బోనులో ఉంటాడు, రిపోర్టు రాసిన మనిషిగా. తండ్రి తరఫు లాయరు లెక్కల జోలికే పోడు. లేచి ఒక్కటే అడుగుతాడు, ఈ అమ్మాయిని మీరు మొదటిసారి ఎప్పుడు కలిశారు అని. నిజం చెప్తే తండ్రి తప్పించుకుంటాడు, అబద్ధం చెప్తే ఆమె తప్పించుకుంటుంది, ఆమె వెనక బెంచీలో కూర్చుని వింటోంది. ఆ తేదీ ఏమిటో ఇప్పుడే తేల్చుకుని, మొదటి భాగంలోకి వెళ్ళి ఎవరూ పట్టించుకోని చోట, పెట్రోలు బంకు బిల్లు మీదో హోటల్ రసీదు మీదో పెట్టేసి రండి. ఇప్పటికే చదివినవాళ్ళు గొడవ పెడతారేమో అనుకుంటే పదకొండో భాగంలో పాత ఫోన్ గ్యాలరీ తిప్పుతున్నప్పుడు చూపించినా సరిపోతుంది.